నేను మింగేసిన నాలుగు మాటలు

పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో నేను హిందీ చెప్తాను. మా ఆయనకు ఊరి బయట, మదనపల్లె వెళ్లే దారిలో, సిమెంటు ఇటుకలు చేసే యార్డు ఉంది. అక్కడ పని చేసేవాళ్లలో ఎక్కువమంది జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో ఏదైనా వివరంగా మాట్లాడాలంటే నేనే వెళ్లాలి. మా ఆయన హిందీ "పానీ", "జల్దీ" దగ్గర ఆగిపోతుంది. మా అత్తకు అదీ రాదు. అయినా ఆ పిల్ల కడుపుతో ఉందని నాకంటే ముందు కనిపెట్టింది మా అత్తే.

ఆ పిల్ల మొగుడితో కలిసి మా యార్డుకు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఆరబెట్టిన ఇటుకలకు నీళ్లు పట్టే పని చేసేది. ఒక ఆదివారం మా అత్త నాతో పాటు యార్డుకు వచ్చి, పైపు పట్టుకుని నిలబడ్డ ఆమెను కాసేపు చూసి, నా చెవి దగ్గర చెప్పింది.

"ఆ పిల్ల నీళ్లు పోసుకునుండాది. ఎన్నో నెలో అడిగి సూడు."

అడిగాను. నాలుగో నెలంట. చెప్పేటప్పుడు సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అది ఎందుకో నాకు అప్పుడే తెలుసు. అసూయ.

నాకు పెళ్లయి అప్పటికి ఏడేళ్లు. రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ పోయింది. మొదటిది మూడో నెలలో. రెండోది ఐదో నెలలో, కుప్పంలో మా అమ్మావాళ్లింట్లో ఉన్నప్పుడు. స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెర మీది బొమ్మను అటూ ఇటూ కదిపి చూసింది. గుండె చప్పుడు వినడానికి శబ్దం పెంచింది. ఏమీ వినపడలేదు. "మీ అమ్మ బయట ఉండారా? లోపలికి రమ్మనండి" అంది. అప్పటినుంచి కడుపుతో ఉన్నవాళ్లు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోవడం అలవాటు చేసుకున్నాను. శ్రీమంతాలకు పిలిస్తే బడిలో పరీక్షలని చెప్పేదాన్ని.

ఈ పిల్ల నుంచి అట్లా తప్పించుకోవడం కుదరలేదు. మా యార్డులోనే ఉంది. పైగా నేను నెలల తరబడి మంచం మీద పడుకుని, దానిమ్మ గింజలు తిని, మెట్లు ఎక్కకుండా కాపాడుకున్నది నిలవలేదు. ఈమె రెండు రోజులు రైల్లో జనం మధ్య నిలబడి వచ్చింది, బరువులెత్తింది, ఒక్కసారీ డాక్టరు ముఖం చూడలేదు. ఆమెది నిలిచింది. అదే నాకు మింగుడుపడలేదు.

మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఆ వారమే మా ఇంటికొచ్చింది.

"మేడం, ఆ జార్ఖండ్ పిల్లకు కార్డు రాయాల. నేనొకటి అడిగితే ఆమె ఇంకోదానికి తల ఊపుతాండాది. మీరు ఒక్కపూట తోడు రండి" అంది.

బడికి సెలవు పెట్టడం కుదరదని చెప్పబోయాను. మా అత్త వంటింట్లోంచే, "యాల రాదు? వస్తాది" అంది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "మీ ఇద్దర్లో ఎవురికమ్మా?" అంది. "ఆమెకు" అన్నాను. కుర్చీ ఆ పిల్ల వైపు జరిపారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వయసు, బరువు, ఆఖరుసారి బయటున్న తేదీ. ఒక్కొక్కటే అడిగి చెప్పాను. తొలిచూలేనా అని నర్సు అడిగింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊళ్లో, ఇంట్లోనే ఒక మగబిడ్డ పుట్టాడట. రెండు రోజులుండి పోయాడట. ఆ మాట చెప్తూ తన గోళ్లు చూసుకుంది. నేను దాన్ని తెలుగులో నర్సుకు చెప్పాను. నర్సు పెన్ను ఆపి "అయ్యో" అంది. నేను మాత్రం మనసులో, నీకు రెండు రోజులన్నా దొరికాడు కదా అనుకున్నాను. ఇట్లా రాస్తుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. కానీ ఆ రోజు అనుకున్నది అదే.

ఆ తర్వాత నెలనెలా నేనే తీసుకెళ్లాను. మా అత్త ఇంట్లో వండినదాంట్లో ఒక గిన్నె యార్డుకు పోవడం మొదలైంది. మొదట్లో రాగి సంగటి, ఆకుకూర పంపింది. ఆ పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, మొగుడి వైపు చూసింది. ఏం కావాలో అడగమంది మా అత్త. అన్నం, ఉర్లగడ్డ కూర, కారం తక్కువ. మరుసటి రోజునుంచి మా ఇంట్లో రెండు కూరలు. కారం లేనిది ఒకటి.

"అత్తా, మన ఇంట్లో యాడ్నించి వచ్చింది ఈ పద్ధతి?" అన్నాను ఒకరోజు, నవ్వుతున్నట్టే.

"కడుపుతో ఉండే పిల్ల. దానికి సహించింది పెట్టాల గదా" అంది ఆమె, చాలా మామూలుగా.

నేను కడుపుతో ఉన్న రెండుసార్లూ ఆమె నాకు అట్లాగే చేసింది. చింతకాయ పచ్చడి అడిగితే ఊరంతా తిరిగి తెచ్చింది. ఆమె నన్ను సాధించే మనిషైతే నా కోపానికి ఒక దారి ఉండేది. ఏడేళ్లలో ఒక్క మాట అనలేదు. అందుకని నా కోపమంతా ఆ పిల్ల మీదికే పోయింది. మా అత్త చేతి గిన్నె తీసుకుని ఆమె "అమ్మా" అని పిలిచేది. తెలుగులో ఆమె నేర్చుకున్న మొదటి మాట అదే. నన్ను "దీదీ" అనేది.

ఏడో నెలలో ఒక శుక్రవారం నేను బడినుంచి వచ్చేసరికి ఆ పిల్ల మా ఇంటి నడిమింట్లో చాప మీద కూర్చుని ఉంది. తలలో కనకాంబరాలు. మా అత్త ఎదురుగా కూర్చుని పచ్చ గాజులు ఒక్కొక్కటిగా తొడుగుతోంది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. గాజులు వదులుగా ఉండి, ఆమె చెయ్యెత్తితే మోచేతిదాకా గలగలమని జారుతున్నాయి. ఆమెకు అది కొత్త. చెయ్యి పైకీ కిందికీ ఆడించి నవ్వుతోంది. నన్ను చూసి చేతులు రెండూ చాపి చూపించింది.

నేను బాగున్నాయని చెప్పి లోపలికి వెళ్లి, ముఖం కడుక్కునే వంకతో కొళాయి తిప్పి అట్లాగే నిలబడ్డాను. వాళ్లంతా పోయాక మా అత్త వచ్చింది.

"నీకు తొడగాలని ఉండె నాకు. దేవుడియ్యలా. ఈ పిల్లకు ఈడ ఎవురుండారు? వాళ్లమ్మ యాడనో ఉండాది" అంది.

"నాకు చెప్పుంటే నేనూ ఉండేదాన్ని కదా."

"చెప్తే నువ్వు ఉండవు. నాకు తెలీదా?"

ఆమెకు తెలుసు. ఆ రాత్రి నేను తినకుండా పడుకున్నాను.

ఎనిమిదో నెల మొదట్లో జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు గర్భిణులు చాలామంది వచ్చారు. నర్సు ఆ పిల్ల బి.పి. చూసి, ఇంకోసారి చూసి, ముఖం చిట్లించింది. బిడ్డ గుండె వినే చిన్న యంత్రం కడుపు మీద పెట్టింది. గది నిండా గుర్రం పరిగెత్తినట్టు చప్పుడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగి, "సునో దీదీ" అని, వినమంటూ, తన కడుపు మీద పెట్టింది. లోపల కదిలింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

నర్సు నా వైపు తిరిగి గబగబా చెప్పింది.

"మేడం, బి.పి. ఎక్కువుండాది. ఈ మాత్రలు పొద్దున, రాత్రి. ఉప్పు తగ్గించాల. వారం వారం రావాల. తలనొప్పి వచ్చినా, కండ్లు మసకలైనా, మొగమూ చేతులూ వాచినా, రొమ్ము కింద కడుపు నొప్పి లేసినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి రమ్మనండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ కష్టం. బాగా అర్థమయ్యేట్టు చెప్పండి."

నేను ఆ పిల్లతో, "ఈ మాత్రలు రెండు పూటలా వేసుకో. ఉప్పు తగ్గించు. వారం తర్వాత రమ్మన్నారు" అన్నాను.

అంతే. తలనొప్పి, కళ్లు, వాపు, కడుపు నొప్పి, ఆ నాలుగు మాటలూ నా నోట్లోనే ఉండిపోయాయి. చెప్పకూడదని కూర్చుని ఆలోచించి చేసిన పని కాదు. చెవుల్లో ఆ గుండె చప్పుడు ఇంకా కొట్టుకుంటోంది. అక్కడినుంచి బయటపడితే చాలనిపించింది. కానీ బయటికొచ్చాక, ఆటోలో, యార్డు దగ్గర దించేటప్పుడు, చెప్పడానికి ఎంతో సమయం ఉంది. చెప్పలేదు. ఆమెకేమవుతుంది, ఆమెకు అన్నీ కలిసొస్తాయి అనుకున్నాను. పక్కన ఉన్న ఆశా కార్యకర్తకు హిందీ రాదు కాబట్టి నేను అంతా చెప్పాననే అనుకుంది.

తర్వాతి వారం బడిలో పని ఉందని నేను వెళ్లలేదు. నేను లేకపోయేసరికి ఆమె కూడా వెళ్లలేదు.

ఆ పైవారం, మధ్యాహ్నం ఒంటిపూట బడి ముగించుకుని వస్తూ, మా ఆయనకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి యార్డులో ఆగాను. ఆ పిల్ల రేకుల గది ముందు నీడలో గోడకు తల ఆనించుకుని కూర్చుని ఉంది. నుదుటికి గుడ్డ గట్టిగా కట్టుకుంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది. అప్పుడు చూశాను ఆమె చేతులు. మోచేతిదాకా జారిన ఆ గాజులు మణికట్టులో దిగబడిపోయి ఉన్నాయి. గాజుకీ గాజుకీ మధ్య చర్మం ఉబ్బి పైకొచ్చింది.

"ఎన్ని రోజులైంది?" అన్నాను.

"తలనొప్పి నిన్నటినుంచి. అమృతాంజనం రాసుకున్నా తగ్గలేదు. కళ్ల ముందు ఈగలు తిరుగుతున్నట్టుంది దీదీ."

మా ఆయనను కేకేశాను. అంబులెన్సుకు ఫోన్ చేయించాను. ఆశా కార్యకర్తను రమ్మన్నాను. పుంగనూరు ఆసుపత్రిలో సూది వేసి, ఆపరేషన్ అవసరం పడొచ్చు, మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఆ దారి పొడుగునా ఆమె నా వేళ్లు వదల్లేదు. ఆమె మొగుడు ఎదురుగా కూర్చుని, సిమెంటు అంటిన చేతులు మోకాళ్ల మధ్య దాచుకుని, నా ముఖమే చూస్తున్నాడు.

అంబులెన్సులోనే ఆశా కార్యకర్త నాతో మెల్లగా అంది.

"ఆ పొద్దు నర్సు అంత ఇడమర్చి చెప్పె. మీరూ చెప్తిరి. అయినా ఇనలేదు సూడు మేడం ఈ పిల్ల."

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మదనపల్లె పెద్దాసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకెళ్లారు. గాజులు రావడం లేదని నర్సు ఒక్కొక్కటే చిట్లగొట్టి తీసింది. ఆపరేషన్ కాగితం మీద ఏముందో ఆమె మొగుడికి నేను చదివి చెప్పాను. ఆ రోజు ఒక్క మాట కూడా వదల్లేదు. ప్రాణానికి ప్రమాదం అన్న మాటతో సహా. అతను చొక్కాకు వేలు తుడుచుకుని వేలిముద్ర వేశాడు.

పొద్దు వాలే వేళకు ఆడబిడ్డ పుట్టింది. కిలోముప్పావు. తల్లికి బి.పి. దిగడం లేదని వేరే గదిలో ఉంచారు. మరుసటి రోజు పసిబిడ్డల వార్డు నర్సు బయటికొచ్చి, బిడ్డను ఒంటికి ఆనించుకుని వెచ్చగా పెట్టడానికి ఆడమనిషి ఎవరైనా కావాలంది. మా అత్త పరిగెత్తుకుంటూ వచ్చింది గానీ ఆమెకు దగ్గు. వద్దన్నారు. నేను లోపలికి వెళ్లాను. స్నానం చేయించి, ముందు తెరిచి ఉండే గౌను వేయించి, ఆ బిడ్డను నా రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి గుడ్డతో కట్టారు. అరచేతిలో పట్టేంత తల. నా గుండె మీద చెంప పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది.

రెండు రోజులు ఆ బిడ్డను అట్లాగే పట్టుకున్నాను. భోజనానికి లేవమంటే లేవబుద్ధి కాలేదు. ఆశా కార్యకర్త కాసేపు తను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. నా వాసన దానికి అలవాటైందని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్క క్షణం, ఆ తల్లి లేవకపోతే ఈ బిడ్డ ఎవరిదవుతుంది అన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని దాచుకుని లాభం లేదు. వచ్చింది. వెంటనే నర్సును పిలిచి, తల్లికి ఎట్లా ఉందో అడిగాను.

మూడో రోజు ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ముఖం వాపు ఇంకా దిగలేదు. తలుపు దగ్గర ఆగి, నా గుండె మీద తన బిడ్డను చూసింది. ఆ చూపు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నాలుగు నెలలుగా అద్దంలో చూస్తున్నదే అది. ఆమె నవ్వలేదు, బాగుందా అని అడగలేదు.

"దేదో" అంది. ఇచ్చెయ్యి అని.

గుడ్డ ముడి విప్పి ఇచ్చాను. బిడ్డ నా మీదినుంచి పోగానే రొమ్ము మీద చల్లగాలి తగిలింది.

ఆసుపత్రినుంచి పంపేముందు రోజు ఆమె పక్కన కూర్చుని చెప్పాను. వార్డు నిండా మనుషులున్నారు గానీ ఆ మాటలు ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ అర్థం కావు. నర్సు ఆ రోజు ఇంకో నాలుగు మాటలు చెప్పిందని, నేను చెప్పలేదని, నీ మీద కుళ్లుతో చెప్పలేదని అన్నాను. హిందీలో ఆ మాట పలకడం తేలికే అనుకున్నాను. కాలేదు.

ఆమె బిడ్డ కాలి మీది గుడ్డ సరిచేసింది. తర్వాత అడిగింది.

"తెలిసుంటే నేను ముందు రోజే వచ్చేదాన్ని కదా?"

"వచ్చేదానివి."

అంతలో డాక్టరమ్మ వచ్చి మందుల గురించి, బిడ్డ పాల గురించి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పింది. నేను దాన్ని హిందీలో చెప్పడం ముగించగానే ఆ పిల్ల నా కళ్లలోకి చూసి, "బస్? ఇత్నా హీ?" అంది. ఇంతేనా అని. ఇంతే అన్నాను. "మళ్లీ మొదటినుంచి చెప్పండి" అంది. మళ్లీ చెప్పాను. ఆ తర్వాత యార్డులో ఉన్న రెండు నెలలూ నేను ఏం చెప్పినా ఆమె ఆ ప్రశ్న వేయకుండా వదల్లేదు.

మా అత్తకూ, ఆశా కార్యకర్తకూ కూడా చెప్పేశాను. ఆశా కార్యకర్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ పిల్లను నేను ఎన్ని మాటలంటినో" అంది. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏడేళ్లలో అదే మొదటిసారి. మూడో రోజు సంగటి గెలుకుతూ, నా వైపు తిరక్కుండా అంది.

"నీకు కడుపులో బాధ ఉండాదని నాకు తెలుసు. అది ఇంతపని చేస్తాదని తెలీలా. నిన్నన్నా అడగాల్సింది ఆ గాజులు తొడిగేముందు, నేనే తప్పు చేసినానో ఏమో."

"నీ తప్పేం లేదత్తా" అన్నాను. నిజంగానే లేదు.

బిడ్డకు మూడో నెల రాగానే వాళ్లు కుప్పం వెళ్లిపోయారు. అక్కడ గ్రానైటు రాళ్లు నునుపు చేసే చోట ఆమె మరిదికి పని ఉంది. మా యార్డుకు ఆ తర్వాత వేరేవాళ్లు వచ్చారు. ఇప్పుడు ఆశా కార్యకర్త పిలవకముందే నేను వెళ్తాను. నర్సు చెప్పింది చెప్పినట్టు ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత హిందీలో చదువుతాను. ఎవరైనా కడుపు నిమురుకుంటూ కూర్చుంటే నాకు ఇప్పటికీ లోపల మండుతుంది. మండుతూనే చదువుతాను.

పోయిన వేసవిలో కుప్పంలో మా అమ్మను చూడ్డానికి వెళ్లినప్పుడు, అడ్రసు కనుక్కుని ఆమె ఇంటికి వెళ్లాను. ఒక వరసలో పది గదులు, ముందు ఉతికిన బట్టల తాడు. ఆమె గుమ్మంలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. బిడ్డ గోడ పట్టుకుని నడుస్తోంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"రండి దీదీ, కూర్చోండి. అమ్మ ఎట్లుండాది? దగ్గు తగ్గిందా?" అంది తెలుగులో. అక్కడి అరవ యాస కొంచెం కలిసింది గానీ బాగానే మాట్లాడుతోంది. నేను బాగున్నానా అని అడగలేదు. ఇక ఆమెకు నా హిందీతో పనిలేదు. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం. వరసలో మూడో గదిలో ఒక బీహారు పిల్ల ఆరో నెలతో ఉందట. ఆమెను ఆసుపత్రికి తనే తీసుకెళ్తానంది. ఆ మాట విని కూడా నాకు చివుక్కుమంది. అది నా పని కదా అనిపించింది.

బిడ్డను ఎత్తుకుంటానని చేతులు చాపాను. అది నన్ను ఎగాదిగా చూసి, తల్లి భుజంలో ముఖం దాచుకుని ఏడుపు అందుకుంది.

"కొత్తోళ్ల దగ్గరికి పోదు" అంది ఆమె.

టీ పెట్టి ఇచ్చింది. తాగాను. మా అత్త కుట్టించి పంపిన రెండు గౌనులు సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె వాటిని బిడ్డ భుజాలకు ఆనించి కొలత చూసుకుంటూ ఉండగా, ఇంటికి పోయే పలమనేరు బస్సు టైమవుతోందని చెప్పి లేచాను.